కాలువ కట్టేసిన నెలలో చేపల చెరువు: ఒక తెల్లవారుజాము ఆక్సిజన్ కొరతపై కేస్ స్టడీ

మే నెల చివరి వారంలో ఒక రోజు తెల్లవారుజామున నాలుగు దాటి పది నిమిషాలకు ఫోను మోగింది. చేపల చెరువుల మధ్య నీటి పరీక్షల ల్యాబ్ నడుపుకునేవాడికి ఆ వేళలో ఫోను ఎందుకు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. "డాక్టరు గారూ, పెద్ద చెరువులో చేప పైకి లేచిందండి. బొచ్చెలు అప్పుడే తిరగబడిపోతున్నాయి. ఎవడో మందు కలిపేశాడండి" అన్నారు రైతు. బొచ్చె అంటే కట్లా చేప. నేను డాక్టరును కాను. మైక్రోస్కోపు, నాలుగు సీసాల రసాయనాలు ఉన్న ప్రతివాడినీ మా వైపు డాక్టరనే పిలుస్తారు. చెరువులో ఏదీ ముట్టుకోవద్దనీ, వల దించవద్దనీ చెప్పి, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు, మైక్రోస్కోపు పెట్టె మోటారు సైకిలుకు కట్టుకుని బయలుదేరాను. ఐదు గంటలకు గట్టు మీద ఉన్నాను.

ఆ చెరువు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండికీ ఆకివీడుకూ మధ్యనున్న ఒక గ్రామంలో ఉంది. ఒకప్పుడు వరి పండిన పల్లపు చేను. విస్తీర్ణం 5 ఎకరాలు. నిండుగా ఉన్నప్పుడు 6 అడుగులుండే నీరు ఆ రోజుకు 5 అడుగులకు దిగింది. ఎకరాకు 2,000 శీలావతులు (రోహు), 300 బొచ్చెల చొప్పున వేశారు. చేప సగటున 800 గ్రాములకు వచ్చింది. తవుడు, చెక్క కలిపి, అడుగున రంధ్రాలు చేసిన సంచులలో నింపి, వెదురు గెడలకు కట్టి నీళ్ళలో వేలాడదీసే పాత పద్ధతిలోనే మేత పెడుతున్నారు. దక్షిణపు గట్టు మీదా పడమటి గట్టు మీదా వరుసగా కొబ్బరి చెట్లు, వాటి మధ్య గుబురుగా అరటి ఉన్నాయి. తూర్పు గట్టుకు అవతల ఇదే రైతుది మరొక చెరువు ఉంది. అది 3 ఎకరాలు, అందులో చేప అర కిలో దగ్గర ఉంది, చుట్టూ ఒక్క చెట్టు కూడా లేదు. ఆ రాత్రి ఆ చిన్న చెరువులో ఒక్క చేప కూడా చావలేదు. ఈ తేడాను మళ్ళీ ప్రస్తావిస్తాను.

చెరువు గట్టు మీద అప్పటికే పది మంది చేరి ఉన్నారు. టార్చి వెలుగులో నీటి పైభాగమంతా బొచ్చెల పెద్ద తలలే. నోళ్ళు తెరిచి, పైపొర నీటిని గుటకలు వేస్తున్నట్టు కదులుతున్నాయి. శీలావతులు వాటి వెనుక గుంపుగా, ఇంకా తోక ఆడిస్తూ ఉన్నాయి. గాలివాటుకు ఈశాన్యపు మూలకు కొట్టుకొచ్చిన చచ్చిన చేపలలో చిన్న సైజువి దాదాపు లేవు. రైతు అనుమానం ఊరిలోని ఒక పాత గట్టు తగాదా మీదికి పోయింది, ఆయన తమ్ముడు పోలీసు స్టేషనుకు వెళ్ళడానికి చొక్కా వేసుకుంటున్నాడు. తెల్లవారేదాకా ఆగమని నేను బతిమాలవలసి వచ్చింది.

చావని ప్రాణులు చెప్పిన సాక్ష్యం

చేప చచ్చిన చెరువుకు వెళ్ళినప్పుడు అందరి కళ్ళూ చచ్చినవాటి మీదే ఉంటాయి. నేను ముందు బతికి ఉన్నవాటి కోసం వెతుకుతాను. విషానికీ ఊపిరాడకపోవడానికీ తేడా అక్కడే బయటపడుతుంది, ఎందుకంటే విషం తాకిన ప్రాణులు ఒక వరుసలో చస్తాయి, ఆక్సిజన్ కరువైతే వేరే వరుసలో చస్తాయి.

తూము దగ్గర ఒక కొర్రమీను నింపాదిగా పైకి వచ్చి, గాలి గుటక మింగి, మళ్ళీ కిందికి పోవడం మూడు సార్లు చూశాను. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి వంటి చేపలకు మొప్పలతో పాటు బయటి గాలిని నేరుగా పీల్చుకునే అదనపు అవయవం ఉంటుంది. అందుకే ఎండిపోతున్న బోదెలో బురద మిగిలినా అవి బతికి ఉంటాయి. ఇలా గాలి పీల్చే చేపకు విషం నుంచి మినహాయింపు లేదు. ఆక్సిజన్ లేమి నుంచి మాత్రం ఉంది. గట్టు వార గడ్డిలో పరిగెలు పైపొరకు అంటుకున్నట్టు ఈదుతున్నాయి. గాలిని ఆనుకుని ఉన్న ఆ పలుచని పొరలో ఎంతో కొంత ఆక్సిజన్ ఎప్పుడూ ఉంటుంది, అంత చిన్న నోటికి అది సరిపోతుంది. మేత సంచులు కట్టిన వెదురు గెడల మీద నీటి మట్టానికి జానెడు పైదాకా నత్తగుల్లలు ఎక్కి కూర్చున్నాయి. గట్టు అంచున రెండు రొయ్యలు సగం ఒడ్డుకెక్కి, మీసాలు ఆడిస్తున్నాయి.

పురుగుమందు పడిన చెరువులో ముందు పోయేవి రొయ్యలు, నీటి పురుగులు, కంటికి ఆనని జంతు ప్లవకాలు. ముఖ్యంగా పైరిత్రాయిడ్ జాతి మందులు చేపకు హాని చేసే మోతాదుకు చాలా ముందే వీటిని తుడిచిపెడతాయి. అందుకని గట్టు మీదే మైక్రోస్కోపు తెరిచి, మూల నీళ్ళు ఒక చుక్క గాజు పలక మీద వేసి, టార్చి వెలుగులో చూశాను. డాఫ్నియాలు అనే జంతు ప్లవకాలు చేతులు విసురుతూ దూకుతున్నాయి. అయితే వాటి ఒంటి రంగు నన్ను నిలబెట్టేసింది. మామూలుగా గాజులా కనిపించవలసిన ఆ పురుగులు లేత గులాబి రంగులో ఉన్నాయి. ఆక్సిజన్ తగ్గిన నీటిలో బతకవలసి వచ్చినప్పుడు డాఫ్నియా తన ఒంట్లో హిమోగ్లోబిన్ పెంచుకుంటుంది. ఆ పెంపు ఒక్క రాత్రిలో జరగదు, కొన్ని రోజులు పడుతుంది. అంటే ఈ చెరువు కొన్నాళ్ళుగా ప్రతి రాత్రీ ఊపిరి బిగపట్టి తెల్లవారేదాకా నెట్టుకొస్తోందన్న మాట. పోలీసు స్టేషను ప్రయాణాన్ని ఆపింది ఈ పురుగే. రైతు కూడా కంటద్దం దగ్గర కన్ను పెట్టి చాలాసేపు చూశారు.

చచ్చిన బొచ్చెల నోళ్ళు తెరుచుకుని, మొప్ప మూతలు విచ్చుకుని ఉన్నాయి. మొప్పలు చాక్లెట్ రంగుకు తిరగలేదు కాబట్టి నైట్రైట్ విషమన్న అనుమానం లేదు. 5 గంటల 5 నిమిషాలకు మీటరు చూపిన అంకెలు ఇవి: పైపొరలో లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, రెండున్నర అడుగుల లోతులో 0.4, అడుగున సున్నా. పెంపుడు గండు చేపలకు ఎదుగుదల కావాలంటే లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండాలి. 2కు దిగితే అవస్థ పడతాయి. 1కి దిగువన ఎక్కువ సేపు నిలవలేవు. పెద్ద చేప ముందు చావడం, తెల్లవారుజామునే చావడం, గాలి పీల్చేవి మిగలడం, మీటరు అంకె, ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

ఆ వేళ చేయగలిగినది, చేయలేనిది

మీటరు అంకె చూడగానే రైతు ఇంట్లో నిల్వ ఉంచిన ఆక్సిజన్ బిళ్ళల డబ్బాలు తెప్పించారు. 10 కిలోలు ఉన్నాయి. చల్లవద్దనలేదు గానీ, అందులో ఎంత ఊపిరి ఉందో లెక్క వేసి చూపించాను. ఈ బిళ్ళలు సోడియం పెర్‌కార్బొనేట్. ఎంత శుద్ధమైనదైనా కిలోకు 150 గ్రాములకు మించి ఆక్సిజన్ విడుదల చేయదు. పది కిలోలకు కిలోన్నర. 5 ఎకరాలలో 5 అడుగుల నీరంటే సుమారు 3 కోట్ల 8 లక్షల లీటర్లు. ఆ నీటిలో ఆక్సిజన్‌ను లీటరుకు ఒక్క మిల్లీగ్రాము పెంచాలంటే దాదాపు 31 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే రెండు వందల కిలోల బిళ్ళలు. చేతిలో ఉన్న పది కిలోలూ చెరువంతా చల్లితే పెరిగేది 0.05 మిల్లీగ్రాములు, మీటరు పట్టుకోవడానికి కూడా చాలదు. అందుకే వాటిని చెరువంతా వెదజల్లకుండా, చేప గుమిగూడిన ఈశాన్యపు మూలలోనే వేయించాను.

నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఉన్నవి రెండే, రెండూ ఒకే వైపు. అవి చెరువు మొత్తానికి ప్రాణం పోయలేవు గానీ తమ చుట్టూ కొంత మేర బతకదగిన నీటిని నిలబెట్టగలవు, చేప ఆ చోటును వెతుక్కుంటూ వస్తుంది. ఒక ఏరేటర్‌ను చేప చేరిన మూలకు మార్పించాము. రెండు డీజిల్ ఇంజన్లు పెట్టి, పైపొర నీటినే తోడి, గొట్టం మూతికి చిల్లుల రేకు కట్టి, వానలా తిరిగి చెరువులోనే పడేటట్టు చేశాము. మేత ఆపించాను.

ఇద్దరు వ్యాపారులు ఆరు గంటలకల్లా వచ్చి, "వల లాగేసి ఉన్న చేప ఉన్నట్టు ఎత్తేద్దామండి, ఎంతో కొంత వస్తుంది" అన్నారు. వారి ఆలోచన వ్యాపారంగా సబబే. కానీ అడుగున సున్నా ఉన్న చెరువులో వల లాగితే, పాదాలు, వల పూసలు కలిసి నల్లటి అడుగు మట్టిని పైకి లేపుతాయి. ఆ మట్టిలో కుళ్ళుతున్న పదార్థం పైనున్న ఆ కాస్త ఆక్సిజన్‌నూ నిమిషాల్లో లాగేసుకుంటుంది. గొలుసు లాగుదామన్న సలహానూ అదే కారణంతో కాదన్నాను. అడుగులోని చెడు వాయువులు పోవడానికి మంచి ఎండలో, నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్న మధ్యాహ్నం గొలుసు లాగడం వేరు, ఇది వేరు.

ఆ ఉదయం మబ్బు విడవలేదు. తొమ్మిదింటికి 1.4, మధ్యాహ్నానికి 2.6, నాలుగింటికి 3.9 వచ్చింది. మొదటి రాత్రి కంటే రెండో రాత్రి నన్ను ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే రాత్రంతా ఖర్చు పెట్టడానికి చెరువు దగ్గర 3.9 మాత్రమే ఉంది. చుట్టుపక్కల రైతుల దగ్గర మరో నాలుగు ఏరేటర్లు అడిగి తెచ్చి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దు పొడిచేదాకా తిప్పాము. మొత్తం మీద పోయినది సుమారు టన్నున్నర చేప, అందులో ఎక్కువ భాగం బొచ్చెలే.

ఆక్సిజన్ ఎటు పోయింది

మనుషులం గాలిలో బతుకుతాము కాబట్టి నీటిలో ఊపిరి ఎంత కరువో మనకు ఊహకు అందదు. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న ఒక లీటరు నీరు గాలి నుంచి తీసుకుని నిలుపుకోగలిగినది ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. 25 డిగ్రీల నీరైతే 8.2. ఎండ ముదిరి చేప ఒళ్ళు ఎక్కువ ఆక్సిజన్ అడిగే రోజుల్లోనే నీరు తక్కువ పట్టుకుంటుంది.

చెరువులో ఆక్సిజన్ ప్రధానంగా తయారయ్యేది నీటికి ఆకుపచ్చ రంగునిచ్చే వృక్ష ప్లవకాలలో, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన నాచులో. పగలు అవి ఎండను వాడుకుని, కార్బన్ డయాక్సైడును పీల్చుకుని, కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆక్సిజన్ వదులుతాయి. అందుకే మంచి ఎండలో మధ్యాహ్నానికి పైపొర నీటిలో గాలితో సమతూకంలో ఉండవలసిన దానికి రెట్టింపు ఆక్సిజన్ ఉండడం వింత కాదు. కార్బన్ డయాక్సైడు తగ్గిపోవడంతో పీహెచ్ కూడా 9 దాటుతుంది. పొద్దు గుంకగానే ఆ తయారీ ఆగిపోతుంది గానీ ఊపిరి పీల్చడం ఆగదు. ప్లవకాలు, బాక్టీరియా, అడుగు మట్టి, చేప అన్నీ కలిసి రాత్రంతా పగటి నిల్వను ఖర్చు చేస్తాయి. పొద్దు పొడవబోయే ముందు గంట ఆ జమాఖర్చులో అడుగు గీత. రైతులు ఈ ఖర్చంతా చేపదే అనుకుంటారు. ఈ కేసులో నేను తేల్చుకోదలచుకున్న అంశం అదే కనుక, మరునాడు చిన్న చెరువులో ఇరవై నాలుగు గంటల పాటు కూర్చున్నాను.

చిన్న చెరువులో రెండడుగుల లోతున మధ్యాహ్నం మూడింటికి 11.2, సాయంత్రం ఆరింటికి 9.8, రాత్రి తొమ్మిదింటికి 6.9, పన్నెండింటికి 4.6, మూడింటికి 2.8, ఐదుంబావుకు 1.9 వచ్చింది. సాయంత్రం ఆరు నుంచి తెల్లవారేలోగా దాదాపు 8 మిల్లీగ్రాములు ఖర్చయింది. అక్కడ ఉన్న చేప బరువుకు, కిలోకు గంటకు 300 మిల్లీగ్రాముల చొప్పున లెక్క కట్టినా, రాత్రి మొత్తంలో చేప వాడుకున్నది లీటరుకు 0.6కు మించదు. మిగిలినదంతా ఆకుపచ్చ నీటిది, దానిని తిని బతికే సూక్ష్మజీవులది, అడుగు మట్టిది. పెద్ద చెరువులో తొమ్మిది టన్నుల చేపకు కూడా ఇలాగే లెక్క కట్టి చూస్తే, పదకొండు గంటల రాత్రికి దాదాపు 30 కిలోలు, అంటే లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము పడుతుంది. మేపుతున్నది చేపను అనుకుంటాము గానీ, రాత్రి పూట ఊపిరి లెక్కలో చేప చిన్న పద్దు.

ఈ ఆకుపచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు మేత సంచిలో ఉంది. మేతలోని నైట్రోజన్‌లో నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే చేప కండగా మారుతుంది. మిగిలినది పేడగా, అమ్మోనియాగా, తినకుండా కరిగిపోయిన తవుడుగా నీటిలో కలుస్తుంది, ప్లవకాలకు ఎరువవుతుంది. మిగతా పది నెలలూ రైతు నీళ్ళు మార్చి ఆ ఎరువును బయటికి పంపేస్తాడు. గోదావరి డెల్టాలో వేసవి వేరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుంచి ఈ సీమ జీవనమంతా కాలువ గడియారం మీద నడుస్తోంది; దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదిలేదాకా పంట బోదెలో చుక్క ఉండదు. ఆ లోగా రోజుకు అర సెంటీమీటరుకు పైగా నీరు ఆవిరవుతుంది, బోరు వేస్తే ఉప్పు నీరే, లాభం లేదు, డ్రెయిను నీరు తోడితే పై చెరువుల మురుగు మన చెరువులోకి వస్తుంది. మేత మాత్రం ఆగదు. పైగా జూన్‌లో పట్టుబడికి సైజు రావాలని ఆయన మేతను పెంచారు కూడా. నీటి పరిమాణం తగ్గుతుంటే అందులో ఎరువు పెరుగుతూ పోయింది.

నీరు చిక్కబడితే ఆక్సిజన్ ఎక్కువ తయారవుతుంది కదా అన్నది రైతు ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. 1865లో సెక్కీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు వాడుకలోకి తెచ్చిన పలక దీనికి జవాబు చెబుతుంది. తాడుకు కట్టిన పలకను నీటిలోకి దించుతూ పోయి, అది కనిపించకుండా పోయిన లోతును కొలుస్తాము. ఆ లోతుకు ఇంచుమించు రెట్టింపు దాకా మాత్రమే ప్లవకాలకు పనికొచ్చేంత వెలుతురు ఉంటుంది. చేపల చెరువులో 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటే సుఖం. రైతు మాటల్లో, "మణికట్టు దాకా చెయ్యి ముంచితే వేళ్ళు కనబడేవి కావండి". అంటే మహా అయితే 15 సెంటీమీటర్లు. అప్పుడు ఆక్సిజన్ తయారయ్యేది పైనున్న ఒక్క అడుగులో. కిందనున్న నాలుగడుగుల నీరు పట్టపగలు కూడా చీకటిలో ఖర్చు పెడుతూనే ఉంటుంది. మొదట్లో పైరు ఎదిగినట్టు ఎదిగిన నాచు, చిక్కబడ్డాక తన నీడలో తానే మగ్గిపోతుంది.

ఇక్కడే కొబ్బరి చెట్ల సంగతి వస్తుంది. దక్షిణం నుంచీ నైరుతి నుంచీ వచ్చే వేసవి గాలి చిన్న చెరువు మీద అలలు లేపి, మధ్యాహ్నం పైపొరలో పోగైన ఆక్సిజన్‌ను కిందికి దించుతుంది. పెద్ద చెరువు మీద ఆ గాలి ఆడదు. పైపొర వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, దానిలో మిగులుగా ఉన్న ఆక్సిజన్ బుడగలై గాలిలోకి ఎగిరిపోతుంది, అడుగు నీరు రోజుల తరబడి ఆక్సిజన్ ఎరుగకుండా పడి ఉంటుంది. చేపలు చచ్చిన రాత్రికి ముందు రెండు రోజులు మబ్బు పట్టింది. ఎండ లేక పై అడుగులో తయారీ తగ్గింది. నాచు కూడా ఆకలితో చావడం మొదలుపెట్టింది. మైక్రోస్కోపులో చితికిన కణాలు, వాటి చుట్టూ బాక్టీరియా గుంపులు కనిపించాయి, చిలకపచ్చగా ఉన్న నీరు ఆ ఉదయానికి తవుడు రంగుకు తిరిగింది. నాచు మందు ఏమైనా చల్లారా అని మొదటే అడిగాను, లేదన్నారు; చల్లి ఉంటే ఈ పనే ఒక్క దెబ్బతో జరిగేది. రాత్రి పదకొండు ప్రాంతంలో ఈదురుగాలి కొట్టి, నాలుగు చినుకులు పడ్డాయి. చల్లబడిన పై నీరు బరువెక్కి కిందికి దిగింది, ఆక్సిజన్ లేని అడుగు నీరు పైకి వచ్చింది. ఆ తరువాత ఐదు గంటలకు నాకు ఫోను వచ్చింది.

రెండు చెరువులకూ చెట్ల విషయంలోనే గాక చేప బరువులోనూ, మేతలోనూ తేడా ఉంది. కాబట్టి గాలి పాలు ఇంత, మేత పాలు ఇంత అని ఈ ఒక్క కేసు నుంచి విడదీసి చెప్పడానికి వీల్లేదు. నా అంచనాలో మేతదే పెద్ద పాలు.

సీసా నీళ్ళు, నా పొరపాటు

చేపలు చావడానికి తొమ్మిది రోజుల ముందు ఈ రైతే పెద్ద చెరువు నీళ్ళు సీసాలో పట్టుకుని నా ల్యాబ్‌కు వచ్చారు. "కలర్ బాగా చిక్కగా ఉందండి, ఒకసారి చూడండి" అన్నారు. పొద్దున పదకొండు గంటలు. పీహెచ్ 9.1, మొత్తం అమ్మోనియా 0.8, ఆక్సిజన్ 9.5. పీహెచ్ 9 దాటితే వేడి నీటిలో అమ్మోనియాలో దాదాపు సగం విష రూపంలో ఉంటుంది కనుక నా ధ్యాసంతా అమ్మోనియా మీదే పోయింది. కొద్దిగా మేత తగ్గించమని చెప్పి, ఆక్సిజన్ గడిలో "బాగుంది" అని రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితం ఆయన జేబులో అలాగే ఉంది. సంఘటన జరిగిన ఉదయం దాన్ని తీసి నా చేతికిచ్చారు, ఒక్క మాట కూడా అనలేదు.

ఆ 9.5 అంకె తప్పు కాదు, పనికిరానిది. పదకొండింటికి ఎండలో ఉన్న పైపొర నీరు అది. పైగా తెల్లటి ప్లాస్టిక్ సీసాలో, మోటారు సైకిలు హాండిలుకు వేలాడుతూ, ఎనిమిది కిలోమీటర్లు ఎండలో వచ్చింది. దారి పొడుగునా ఆ సీసాలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తూనే ఉంది. నేను కొలిచినది చెరువును కాదు, సీసాను. ఆ రోజు నేను రెండు ప్రశ్నలు అడగవలసింది: పలక ఎంత లోతులో మాయమవుతోంది, తెల్లవారుజామున బొచ్చెలు పైన కనిపిస్తున్నాయా. తరువాత అడిగితే, అప్పటికి నాలుగు రోజులుగా తెల్లవారకట్ట రెండు మూడు బొచ్చెలు మేత గెడల దగ్గర పైన తిరుగుతున్నాయనీ, పొద్దెక్కగానే దిగిపోతున్నాయి కనుక పట్టించుకోలేదనీ కాపలా ఉండే అబ్బాయి చెప్పాడు. పీహెచ్ కూడా చేపలు చచ్చిన ఉదయం 7.4కు పడిపోయి ఉంది. నాచు చచ్చి, కుళ్ళి, కార్బన్ డయాక్సైడు నిండిన నీటి గుర్తు అది. ఆ పీహెచ్ దగ్గర అమ్మోనియాలో విష రూపం నూటికి రెండు పాళ్ళే. అంటే నేను భయపడిన శత్రువు ఆ రోజు అసలు బరిలోనే లేదు.

అప్పటి నుంచి సీసాలో తెచ్చిన నీటికి ఆక్సిజన్ పరీక్ష చేయడం మానేశాను. పీహెచ్, క్షారత్వం, అమ్మోనియా చూసి ఇస్తాను. ఆక్సిజన్ కావాలంటే మీటరు తీసుకుని తెల్లవారకట్ట నేనే వెళ్తాను, లేదా మీటరు అద్దెకిస్తాను. దీనివల్ల కొంత గిరాకీ పోయింది.

తరువాతి మూడు వారాలు

నాచు చచ్చిన చెరువు నెమ్మదిగా కోలుకుంటుంది, వరుస క్రమంలో కోలుకుంటుంది. మొదటి నాలుగు రోజులూ కుళ్ళు రాజ్యం. కుళ్ళిన నాచు నుంచి విడుదలైన అమ్మోనియా మొత్తం 4కు చేరింది, పీహెచ్ 7.6 దగ్గర ఉండడం వల్ల హాని తప్పింది. ఆ సమయంలో ఒకరి సలహాతో గుల్ల సున్నం వేయబోతుంటే ఆపించాను, పీహెచ్ ఒక్కసారిగా ఎగిరితే ఆ నాలుగులో సగం విషమయ్యేది. ఐదో రోజు నుంచి రోటిఫర్లు అనే జంతు ప్లవకాలు విపరీతంగా పెరిగాయి, బాక్టీరియాను మేసి నీటిని తేటపరిచాయి. ఆరో రోజున పలక 45 సెంటీమీటర్ల దాకా కనిపించింది. తేటపడిన నీటిలోకి వెలుతురు దిగగానే, మిగిలి ఉన్న ఎరువు మీద కొత్త ప్లవకాలు మొలిచాయి. ఈసారి చిన్న పచ్చ నాచులు, డయాటమ్‌లు. పదిహేనో రోజుకు పలక 30 దగ్గర నిలిచింది. మేతను పాతదానిలో మూడో వంతు నుంచి మొదలుపెట్టి, సంచి సాయంత్రానికి ఖాళీ అయితేనే మరునాడు పెంచుతూ వచ్చాము. కాలువ నీరు వదిలాక ముందు రెండు రోజులు బోదెను పారనిచ్చి, ఆ తరువాతే చెరువుకు పెట్టుకున్నారు.

కొబ్బరి చెట్లు కొట్టమని నేను అడగలేదు. కొబ్బరి చెట్టును పెద్దకొడుకుతో సమానంగా చూసుకునే సీమలో అడిగినా ప్రయోజనం లేదు. మధ్యలో గుబురుగా ఉన్న అరటిని మాత్రం తీసేశారు, గాలి ఆడని నైరుతి మూలలో రెండు కొత్త ఏరేటర్లు పెట్టారు, మధ్యాహ్నం రెండు గంటల సేపు కూడా వాటిని తిప్పుతున్నారు. మధ్యాహ్నం ఆక్సిజన్ నిండుగా ఉండగా ఏరేటర్ ఎందుకని చూసినవాళ్ళు నవ్వారట. పైన గాలిలోకి పోయే మిగులును కిందికి దించి దాచుకోవడానికే ఆ తిప్పడం.

మరుసటి ఏడు కాలువ కట్టేసే వారం ముందే ఆయన చెరువును ఆరడుగుల మీద నాలుగు అంగుళాలకు నింపి, బొచ్చెలలో సగం పట్టి అమ్మేశారు. పలకను ఆయనే తయారు చేసుకున్నారు. పాత స్టీలు పళ్ళేనికి నలుపు తెలుపు రంగులు వేసి, తాడుకు అంగుళానికొక ముడి వేశారు. మే మూడో వారంలో మబ్బు పట్టిన రెండో రాత్రి, రెండున్నరకు ఫోను చేశారు. "మూడు పాయింటు ఒకటి ఉందండి. ఏరేటర్లు నాలుగూ పన్నెండింటి నుంచే తిరుగుతున్నాయి. నిన్నటి నుంచి మేత సంచి కట్టలేదు. మిమ్మల్ని లేపుదామనే చేశానండి, మీరు పడుకోండి" అన్నారు. ఐదున్నరకు నేనే తిరిగి ఫోను చేశాను. రెండు పాయింటు నాలుగు, బొచ్చె పైకి రాలేదు.